ఎందుకొచ్చారు, ఎందుకున్నారు

మా సీమలో పల్లె చర్చీ గురించి మాట వస్తే ఎవరో ఒకరు నవ్వుతూ అనే మాట ఒకటుంది: "గంజి కోసం కలిసినోళ్లే గదప్పా వీళ్లు!" అనేవాడి మనసులో పగేమీ ఉండదు. టీ అంగడి దగ్గర వాన గురించి, శనగల ధర గురించి మాట్లాడినట్టే ఆ మాటా అనేసి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతాడు. వినేవాడికి మాత్రం అది ఇంటిదాకా వెంట వస్తుంది. నేను వినేవాళ్ల వైపు పుట్టినవాణ్ణి. మా తాత నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశిగా తిరిగాడు. మా నాయన చర్చీ బళ్లో అక్షరాలు దిద్దాడు. ఆస్తిపాస్తులు పెద్దగా రాలేదు గానీ, ఈ మాటకు జవాబు చెప్పే పని మాత్రం నాకు వారసత్వంగా వచ్చింది.

జవాబుకు ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. గంజి పోసిన మాట నిజం. ఆకలితో ఉన్నవాళ్లు తాగిన మాట నిజం. తాగినవాళ్లలో చాలామంది తర్వాత బాప్తిస్మం తీసుకున్న మాటా నిజమే. అయితే ఒక మనిషి ఒక గడప ఎందుకు తొక్కాడన్నది ఒక ప్రశ్న. తొక్కినవాడూ, వాడి కొడుకూ, మనవడూ అక్కడే ఎందుకు ఉండిపోయారన్నది వేరే ప్రశ్న. మన రచ్చబండ మీది తీర్పులన్నీ మొదటి ప్రశ్న దగ్గరే ముగిసిపోతాయి. రెండోది అడగాలంటే ఆ చిన్న చర్చీ కథంతా విప్పాలి. అంత ఓపిక ఎవరికుంది?

పాత కర్నూలు, కడప జిల్లాల కిరస్తానీ ఇళ్లలో పెళ్లిచూపులకు ముందే వచ్చే ప్రశ్న "మీది ఏ మిషను?" అని. కర్నూలు పట్నం వైపు అమెరికన్ బాప్టిస్టులు. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషను. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు వైపు వాళ్లు "మాది ఎస్పీజీ" అంటారు. ఎస్పీజీ అంటే ఇంగ్లండు అధికార మతమైన ఆంగ్లికన్ సంఘం తరఫున దేశాంతరాలకు గురువులను పంపిన సువార్త ప్రచార సంఘం. 1701లో రాజశాసనంతో లండన్లో పుట్టింది. పైన బిషప్పు, ఆయన కింద గురువులు, అచ్చు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివే ఆరాధన, ఏడాది పొడవునా పండుగల వరుస: ఇదీ వాళ్ల పద్ధతి. అమెరికాలో చిన్న ఊళ్లలో ఎపిస్కోపల్ చర్చీలని కనిపించేవాటిలో పాతవి ఎన్నో ఈ సంఘం పంపిన గురువులు నాటినవే. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1735లో జార్జియాకు ఓడెక్కింది కూడా ఈ సంఘం తరఫునే. కనెక్టికట్‌లో మంచు కురిసే పల్లెలోని చర్చీకీ, నల్లమలకూ వెలిగొండకూ నడుమ ఎండ మండే కలసపాడు చర్చీకీ పుట్టిల్లు ఒకటే.

ఆ పుట్టింటి కథ అంత శుభ్రమైనదేం కాదు. బార్బడోస్ దీవిలో కాడ్రింగ్టన్ చెరకు తోటలు 1710లో వీలునామా మీద ఈ సంఘానికి దక్కాయి. తోటలతో పాటు బానిసలూ దక్కారు. వాళ్ల రొమ్ముల మీద "సొసైటీ" అని ఎర్రగా కాల్చి ముద్ర వేసిన కాలం ఉంది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయిన 1834 దాకా ఆ తోటలు అలాగే నడిచాయి. 2006లో ఇంగ్లండు సంఘ మహాసభ ఇందుకు క్షమాపణ చెప్పింది. గంజి తాగినవాడి మనసు శోధించేవాళ్లు, గంజి పోసినవాడి చేతులు కూడా ఒకసారి చూడాలి. ఇచ్చినవాడివి పూర్తిగా కడిగిన చేతులు కావు, పుచ్చుకున్నవాడిది పూర్తిగా భక్తి కాదు. అయినా ఆ ఇద్దరి మధ్య ఒకటి పుట్టింది. ఆ పుట్టినది ఏమిటన్నదే నాకు ముఖ్యం.

కడపలో 1822లోనే లండన్ మిషను తరఫున విలియం హొవెల్ పని మొదలుపెట్టాడు. ఇప్పుడు చాగలమర్రి మండలంలో ఉన్న ముత్యాలపాడులో ఎస్పీజీ వాళ్లు 1850లలో కాలు పెట్టారు. జె. క్లే అనే గురువు అక్కడ చాలాకాలం ఉండిపోయాడు. అప్పటికి 1876 నాటి పెద్ద కరువు ఇంకా రాలేదు, ఆ గంజి మాటా లేదు. అయినా అటు ఇటు కొన్ని మాలపల్లెలు కదిలాయి. వాళ్లు దేనికి కదిలినట్టు?

నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలను ఏలిన థామస్ మన్రో ఊరూరా పొలాలు కొలిపించాడు. రైతు పేరు మీద పట్టా వచ్చింది. ఫలానా రైతు, ఫలానా చేను, ఇంత తీర్వ అని లెక్కల్లోకి ఎక్కింది. మన్రో దొరంటే మా సీమలో గౌరవం. 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోతే, మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్న ఇళ్లున్నాయి. అయితే ఆయన కొలిపించిన చేలల్లో దున్నిన చేతుల పేర్లు, కోసిన చేతుల పేర్లు కరణం దఫ్తరంలో చాలామటుకు లేవు. భూమి లేనివాడికి లెక్కల్లో పేరెందుకు? అలాంటి పల్లెలోకి గురువు ఒక దళసరి అట్ట పుస్తకం పట్టుకొచ్చాడు. తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. వృత్తి గడిలో పేజీ పొడవునా "కూలి" అనే ఉంటుంది. కానీ పేరు గడిలో ప్రతిచోటా ఒక పేరుంటుంది. పక్కనే తల్లి పేరు కూడా ఉంటుంది. ఆ కాలపు ఏ రెవెన్యూ కాగితంలో కూలిమనిషి పెళ్లాం పేరు కనబడుతుంది?

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది.

ధాత నామ సంవత్సరమంటే 1876–77. నైరుతి వానలూ, ఈశాన్య వానలూ వరసగా తప్పాయి. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల మీద దెబ్బ మరీ గట్టిగా పడింది. కరువు ఖర్చు అదుపు చేయమని వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషి రోజు కూలిని ఒక పౌను గింజలు, పైన ఒక అణా అని లెక్కగట్టాడు. పౌనంటే అర కిలోకు తక్కువ. అది తిని రాళ్లు కొట్టలేరని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. వాదన కాగితాల మీద నడుస్తుండగానే మనుషులు రోడ్ల పక్కన రాలిపోయారు. 1871 జనాభా లెక్కనూ 1881 లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు మనుషులను పోగొట్టుకుంది. నలుగురున్న ఇంట్లో ఒకరు లేరన్నమాట. నిజానికి ఆ లెక్క అన్ని ఇళ్లకూ సమానంగా పడదు. గరిసెలున్న ఇళ్లలో ఎవరూ తగ్గలేదు, గరిసెలు లేని పల్లెల్లో ఇళ్లకిళ్లే ఖాళీ అయ్యాయి. అప్పటికే తవ్విన కర్నూలు–కడప (కె.సి.) కాలువ ఉండనే ఉంది. కానీ గట్టు పక్కన చేను లేనివాడికి కాలువలో నీళ్లుంటే ఏం, లేకపోతే ఏం?

అప్పుడే లండన్లో మాన్షన్ హౌస్ నిధి పేరుతో చందాలు పోగై వచ్చాయి. ఆ సాయం ఊళ్లకు చేర్చే పనిలో మిషన్ల వాళ్లూ ఉన్నారు. గంజి పోసింది అలా. కరువు తగ్గాక తెలుగు దేశంలో పల్లెలకు పల్లెలు ఏదో ఒక మిషనులో కలిశాయి. ఒంగోలులో బాప్టిస్టుల దగ్గర, మా వైపు ఎస్పీజీ దగ్గర, జమ్మలమడుగు వైపు లండన్ మిషను దగ్గర. ఎగతాళికి మూలం అక్కడుంది.

ఎగతాళి టీ అంగళ్లతో ఆగలేదు. 1930లలో గాంధీగారు తన "హరిజన్" పత్రికలో ఇదే సంగతి మర్యాదైన మాటల్లో రాశారు. హరిజనులు గుంపులు గుంపులుగా మతం మారడంలో ఆత్మకు సంబంధించిన తపన లేదనీ, ప్రాపంచిక లాభమే ఉందనీ ఆయన అభిప్రాయం. ఆయన మీద నాకున్న గౌరవంతోనే ఒకటి అడగాలనిపిస్తుంది. ఉన్నవాడి భక్తిలో లాభం లెక్క ఎవరైనా వెతికారా? పంట బాగా పండాలని, బిడ్డ పరీక్ష పాసవ్వాలని, కోర్టు వ్యాజ్యం గెలవాలని మొక్కుకునేవాడి భక్తిని కల్తీ అని ఎవరూ అనరు. కలెక్టరు కచేరీలో ఉద్యోగం కోసం ఇంగ్లీషు చదివినవాణ్ణి తెలివైనవాడన్నారు. ఆకలైన వాడు అన్నం పెట్టిన చోట దేవుడున్నాడని అనుకుంటే మాత్రం అది బేరం. ఉద్దేశాల పరీక్ష పేదవాడొక్కడికే పెడతాం. ఆ పరీక్షలో వాడు ఎప్పటికీ నెగ్గడు, ఎందుకంటే పేదరికమే వాడి మీద సాక్ష్యం.

సరే, వాదన కోసం గంజే కారణం అనుకుందాం. 1878కి కరువు తగ్గింది, గంజి ఆగిపోయింది. కలిసినవాళ్లు ఆ మరుసటి ఏడాదే వెనక్కి పోవచ్చు. కొందరు పోయారు కూడా. మిగిలినవాళ్ల సంగతే నేను చెబుతున్నది.

మిగిలిపోవడం తేలిక కాదు. బాప్తిస్మానికి ముందు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. పగలంతా దుక్కిలో ఉన్నవాడు రాత్రి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని "పరలోకమందున్న మా తండ్రీ" అని వల్లె వేయాలి. అవి నేర్పడానికి ఉపదేశి ఉండేవాడు. దొరల పేర్లు రాతి పలకల మీద ఉన్నాయి గానీ, చర్చీని నిజంగా మోసింది ఈ ఉపదేశులే. తక్కువ జీతం, చేతిలో సంచి, సంచిలో బైబిలు, పాటల పుస్తకం, పలక బలపం. పొద్దున బడి పంతులు, సాయంత్రం పెద్దవాళ్లకు పాఠం, ఆదివారం వాక్యం, మధ్యలో ఎవరికైనా జ్వరమొస్తే మందు, ఎవరైనా పోతే గొయ్యి దగ్గర ప్రార్థన. గురువుగారు గుర్రం మీదో బండి మీదో నెలకోసారి వచ్చి సంస్కారం ఇచ్చి పోయేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. ఈ ఉపదేశులనూ పంతుళ్లనూ తయారుచేయడానికి నంద్యాలలో ఎస్పీజీ వాళ్లు శిక్షణ పాఠశాల పెట్టారు. నంద్యాలలో ఎస్పీజీ హైస్కూలు పేరు తెలియని ఆటోవాడు ఈనాటికీ ఉండడు.

ఆదివారం మరో చిక్కు తెచ్చింది. వారానికి ఒక రోజు పనికి రామని కూలివాళ్లంటే కాపుకు కోపం రాదా? అది భక్తి గొడవగా మొదలై కూలి గొడవగా ముగిసేది. సారా మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, ఊరి జాతరలో డప్పు కొట్టే పని మానాలి. ఒక్కో మానుకోవడం వెనుక ఒక్కో బతుకుతెరువు పోయేది. మా అవ్వ చెప్పేది, వాళ్ల నాయన జాతర పనికి పోనన్నందుకు ఆ ఏడు కళ్లంలో గింజలు కొలవకుండా పంపేశారని. గంజి కోసం వచ్చినవాడు గింజలు పోగొట్టుకుని మరీ ఎందుకున్నట్టు?

ఉన్నారు, ఎందుకంటే అక్కడ వాళ్లకొక ఇల్లు దొరికింది. మట్టి మిద్దెల మధ్య రాతి గోడల చర్చీ లేచింది. నేల మీద కడప బండలు పరిచారు. మే నెల మధ్యాహ్నం పల్లెలో చల్లగా ఉండే చోటు అదొక్కటే, అందుకే ఇప్పటికీ ఎండాకాలం ముసలివాళ్లు అక్కడే నడుం వాలుస్తారు. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ఇంగ్లండు రాగాలతో పాటు మన కీర్తనలు కూడా వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరిగారి పాటలు రాగతాళాలతో ఉంటాయి. బాప్టిస్టు, లూథరన్, ఎస్పీజీ అని లేకుండా అందరూ అవే పాడతారు. పంటల పండుగ ఏ దొరా కనిపెట్టినట్టు ఉండదు. జొన్న కంకులు, కొర్రలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. వంద రూపాయల కోడి పట్టుదలకు పోయి వెయ్యి దాటుతుంది, ఆ డబ్బు చర్చీకి. ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల దగ్గరికి కొవ్వొత్తులతో పోతారు. తాత ముత్తాతల సమాధి ఇదని వేలు పెట్టి చూపించగలగడం ఎంత పెద్ద సంగతో, సొంత శ్మశానం కూడా లేకుండా బతికిన పల్లెలకే తెలుస్తుంది.

ఈ ఇంట్లోనూ గోడలున్నాయి. మా వైపు ఎస్పీజీలో ఎక్కువమంది మాలలు, బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు. "మీది ఏ మిషను?" అన్న ప్రశ్న లోపల దాగున్న అసలు ప్రశ్న కులమే. దేవుని ముందు అందరూ సమానమని పుస్తకంలో చదివి, బయటికొచ్చి సంబంధాల దగ్గర పాత లెక్కలే వేసుకున్నాం. దొరలూ కొంత చూసీ చూడనట్టు ఊరుకున్నారు. దీన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్లలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఒకరు. తిరునెల్వేలి తమిళుడు, 1874లో పుట్టాడు. తెలుగు దేశానికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. తర్వాత మా నంద్యాల ప్రాంతం కూడా ఆయన మేత్రాసనం కిందికి వచ్చింది. 1939లో ప్రతిష్ఠ చేసిన దోర్నకల్ దేవాలయంలో గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ, చర్చీ శిలువా కలిసి ఉంటాయి. పల్లెజనానికి పట్టింది వేరే. బిషప్పు అంటే తెల్లవాడు కానక్కర లేదని వాళ్లు కళ్లారా చూశారు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు. రెండేళ్లకు దేశం స్వతంత్రమైంది. చర్చీలకు ఇంకో పరీక్ష వచ్చింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసిపోయాయి. బిషప్పులున్న సంఘాలూ లేని సంఘాలూ ఇలా ఏకం కావడం ప్రపంచంలోనే కొత్త. ఇక్కడొక పేచీ వచ్చింది. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని గురువులను కూడా కొత్త సంఘం గురువులుగానే ఒప్పుకుంది. అపొస్తలుల నాటి నుంచి చెయ్యి మీద చెయ్యిగా వస్తున్న వరస తెగిపోతుందని ఇంగ్లండులో పెద్ద గొడవ లేచింది. కవి టి.ఎస్. ఎలియట్ అయితే 1943లోనే ఈ దక్షిణాది పథకాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకమే అచ్చేశాడు. లండన్లో కూర్చున్న ఎలియట్‌కు నంద్యాల ఎక్కడుందో తెలుసో లేదో గానీ, కుందూ నది ఒడ్డున జొన్నచేలల్లో పనిచేసే వేలాదిమంది ఆయన పక్షానే నిలబడ్డారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు సి.ఎస్.ఐ.లో కలవమన్నారు. చుట్టూ ఉన్న ఆంగ్లికన్, లండన్ మిషను సంఘాలు ఒకటైతే, వీళ్లు మాత్రం ఎక్కడో ఉన్న కలకత్తా మహాబిషప్పు కిందే ఉండిపోయారు.

ఎందుకు? జవాబు చెప్పేవాళ్లు మళ్లీ దొరికారు. విలాయతులో పాత పద్ధతి పట్టింపు ఉన్నవాళ్లు డబ్బు పంపుతున్నారు, అందుకే వీళ్లు కదలడం లేదన్నారు. డెబ్బై ఏళ్ల కిందటి గంజి మాటే కొత్త చొక్కా వేసుకొచ్చింది. కలవని చర్చీలకు అక్కడినుంచి విడిగా సాయం అందిన మాట నిజమే. మా ప్రాంతంలో పనిచేసిన దొరలు పాత పద్ధతిని బలంగా పట్టుకున్నవాళ్లన్నదీ నిజమే. కానీ దొరల మాటే అంతా అయితే, ఆ దొరలు వెళ్లిపోయాక కూడా ఆ మొండితనం అన్నేళ్లు ఎలా నిలిచింది? మా తాత దగ్గర విన్న కారణం వేదాంతంలా ఉండేది కాదు. "మనకు చెయ్యి పెట్టిన చెయ్యి ఏదో, దానికి చెయ్యి పెట్టిన చెయ్యి ఏదో, అట్లా పోతే ప్రభువు దాకా పోతుంది. ఆ వరస మన పల్లెదాకా వచ్చింది గదా, మనమెందుకు తెంపాల?" అనేవాడు. వంశవృక్షాలన్నీ ఊరి పెద్దిళ్ల గోడల మీదే వేలాడే చోట, మాలపల్లె మనిషికి కూడా పంతొమ్మిది వందల ఏళ్ల వరస ఒకటి దొరికింది. దాన్ని సంతకం పెట్టి వదులుకోమంటే వదులుకుంటాడా? ఎలియట్‌ది సిద్ధాంతం. మా తాతది వంశగౌరవం. రెండూ ఒకే కాగితం మీద వ్యతిరేకంగా ఓటేశాయి.

దానికి వెల కూడా చెల్లించారు. జమ్మలమడుగు వైపు ఇచ్చిన ఆడబిడ్డ ఒక సంఘం, పుట్టిల్లు ఇంకో సంఘం. పెళ్లి ఎవరు చేయాలి, బిడ్డ బాప్తిస్మం ఏ పుస్తకంలో రాయించాలి అని తగాదాలు. 1963లో నంద్యాల విడి మేత్రాసనమైంది. 1970లో ఉత్తరాది సంఘాలు కొన్ని కలిసి ఒకటి కావడంతో, వీళ్లు ఆనుకున్న పాత ఆంగ్లికన్ సంఘమే లేకుండా పోయింది. చివరికి 1975లో నంద్యాల సి.ఎస్.ఐ.లో చేరింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. కలవకపోవడం తప్పా ఒప్పా అని నేను తేల్చను. ఐక్యత మంచిదే, చేరడమూ మంచిదే అయింది. నేను పట్టించుకునేది ఇంతే: ఎవరో తెచ్చిపెట్టిన మతమన్నదాన్ని, ఎవరో వచ్చి మార్చబోతే, "ఇది మాది, మేం ఒప్పుకుంటేనే మారుతుంది" అనగలిగారు. దానం తీసుకున్నవాడు అనే మాట కాదది.

ఇక అసలైన లెక్క 1950 నుంచి మొదలవుతుంది. ఆ ఏడాది రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఆ హోదా. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవుడైన మాలకు, మాదిగకు ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపులో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అంటే బాప్తిస్మం రిజిస్టరులో పేరుండడం వల్ల పోయేవి చదువు సీటు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్ష, ఎస్సీలకు కేటాయించిన సర్పంచు పదవికి పోటీ చేసే హక్కు. వేరే మాటల్లో, గంజి పాత్ర ఇప్పుడు అవతలి గట్టు మీదుంది. లాభం కోసమే కలిసినవాళ్లయితే 1950లోనే చర్చీలన్నీ ఖాళీ కావాలి.

కాలేదు. అలాగని అందరూ హతసాక్షులూ కాలేదు. చాలా ఇళ్లలో బిడ్డకు రెండు పేర్లు. చర్చీ పుస్తకంలో దావీదు, బడి రికార్డులో వెంకటేశు. ఆదివారం ఒక పేరు పలుకుతుంది, ఆఫీసులో ఇంకోటి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకైతే జాలీ, కోపమూ రెండూ కలుగుతాయి. జాలి ఆ కుటుంబం మీద, కోపం ఆ ఎంపిక పెట్టిన చట్టం మీద. దావీదు అయినంత మాత్రాన ఊరు వాణ్ణి పల్లెలోంచి బయటికి రానిచ్చిందా? నీళ్ల దగ్గర, హోటల్లో, పెళ్లి పందిట్లో వాణ్ణి చూసే చూపు మారిందా? చూపు మారనప్పుడు హక్కు ఎందుకు మారింది? అయినా చర్చీ పుస్తకంలో పేరును కొట్టేయించుకుని సుఖపడే దారి ఉండి కూడా, ఆదివారం పేరును అట్టిపెట్టుకున్నారు. ఏ ప్రయోజనమూ లేని ఆ పేరే నాకు గట్టి జవాబుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ చర్చీ ఎట్లుందంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు పలచగా ఉంటుంది. అయ్యగారు ఒక్కరే, పాస్టరేటులో పల్లెలు చాలా. కుర్రవాళ్లను కీబోర్డు, డ్రమ్ములు, పెద్ద స్పీకర్లు ఉన్న కొత్త మందిరాలు లాక్కుంటున్నాయి. అక్కడ అచ్చు పుస్తకం చూసి చదివే ప్రార్థన అంటే ముసలివాళ్ల వ్యవహారం. బతుకు కోసం జనం బెంగళూరు పోయారు, హైదరాబాదు పోయారు, కడప వైపు ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి పోయారు. క్రిస్మస్‌కు మాత్రం బస్సులు దిగుతారు. చెమ్కీ కాగితాలు, నక్షత్రం లాంతరు, కొత్త బట్టలు. ఆ రెండు మూడు రోజులు చర్చీ పట్టదు. పెళ్లిళ్లూ అప్పుడే, బాప్తిస్మాలూ అప్పుడే, తగాదాలూ అప్పుడే.

పోయినసారి తగాదా పైకప్పు మీద. పాత మంగళూరు పెంకులు పగిలి వాన కారుతోంది. కువైట్‌లో ఉన్న ఆడబిడ్డలు చందాలు వేసి పంపారు, స్లాబు వేయించమన్నారు. బెంగళూరు కుర్రాళ్లు ఏసీ కూడా పెట్టిద్దామన్నారు. స్లాబు వేస్తే పాత గోడలు బరువు ఆగవని మేస్త్రీ అన్నాడు. గోడలు కూడా తీసేద్దామని ఒకరు, ఆ గోడలు మా ముత్తాతలు తట్టలు మోసి కట్టినవి, రాయి కదిపితే ఊరుకోనని ఇంకొకరు. మా పెద్దనాయన లేచి, లెక్కలు చూపించకుండా ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వనని కమిటీ మీద విరుచుకుపడ్డాడు. కమిటీ వాళ్లు పుస్తకాలు తెచ్చి బండల మీద పడేశారు. ఎవరో పాత మాటలు తవ్వారు, ఎవరో ఏడ్చారు. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయినా ఎవరూ కదల్లేదు. అయ్యగారు ప్రార్థన చేసి ముగిద్దామంటే, ముందు ఈ సంగతి తేల్చమన్నారు.

అక్కడ కూర్చుని వింటుంటే టీ అంగడి మాటకు నా జవాబు నాకు దొరికింది. గంజి పోసిన చోట మనిషి తాగుతాడు, దండం పెడతాడు, వెళ్లిపోతాడు. దొన్నె ఆకుది ఎందుకు, మట్టి ముంత ఎందుకు కాదని ఎవరూ పోట్లాడరు. తనది కానిదాని లెక్కలు ఎవరూ అడగరు. ఈ పల్లెజనం పెంకుకూ స్లాబుకూ మధ్య అన్నదమ్ములని కూడా చూడకుండా అరుచుకుంటున్నారంటే, ఆ కప్పు కింద తమ పేర్లున్నాయని వాళ్లకు తెలుసు. ఎందుకొచ్చారని ఇంకా ఎవరైనా అడిగితే, ఆకలేసి వచ్చారని తలెత్తుకునే చెబుతాను. అయితే ఆ అడిగినాయన వచ్చే క్రిస్మస్‌కు ఒకసారి మా కమిటీ మీటింగుకు రావాలి. తీర్మానం ఇంకా కాలేదు. ఈసారి పెంకుల పక్షాన నేనూ మాట్లాడబోతున్నాను.